మన్ను తాగిన గాలి

నమోదు 1

మడి మేస్త్రీలందరూ రోజూ ఏదో ఒకటి రాసి పెట్టాలని సర్దారు ఓదెలు హుకుం జారీ చేశాడు. రోజూ రాయడానికి ఈ బాయిలో రోజుకో పెళ్ళి జరుగుతోందా? అవే పంపులు, అవే కరెంటు దీపాలు, లేచిన దగ్గర్నుంచి అదే గోధుమ గటక. రాయాల్సింది ఉన్నప్పుడు రాస్తాను, లేనప్పుడు పని చేసుకుంటాను. ఓదెలు చదివితే చదువుతాడు, లేకుంటే లేదు.

నా పేరు కొమురమ్మ. తూర్పు గ్యాలరీలో గోధుమ మడులు నావి. మా అమ్మ నుంచి నాకొచ్చాయి, ఒంట్లో సత్తువ పోయి నేను అన్‌ఫిట్ అయిన రోజున నా బిడ్డ సారక్కకు పోతాయి. ఇక్కడ ఎవరి పని వాళ్ళ ఇంటిదే. పంపులు పంపుల ఇంటివి, దీపాలు దీపాల ఇంటివి. ఈ బాయిలో బొగ్గు తవ్విన కాలంలో కూడా తండ్రి కొలువు కొడుక్కు వచ్చేదట. బొగ్గు అయిపోయింది. పైన ఎండకు రాళ్ళు పగిలి మనుషులు బతకలేక మా తాతలు ఈ బాయిలోకి దిగి, చానకు మూతికి, అంటే బాయి దారి నోటికి, కాంక్రీటు పోసుకున్నారు. ఆ రివాజు మాత్రం వాళ్ళ వెంటే దిగింది.

ఈసారి కోత చూశాక నాకు ముద్ద దిగడం లేదు. సగం వెన్నులు తాలు. మన్ను చేతిలోకి తీసుకుంటే పిండిలా జారిపోతోంది, నీళ్ళు పోస్తే తాగదు, పక్కకు పారిపోతుంది. కారణం నాకు తెలుసు, మా అమ్మకూ తెలుసు. గింజ తింటాం, గడ్డి తీసుకెళ్ళి పరుపుల్లో వేసుకుంటాం. మన్నుకు తిరిగి పోయేది ఏమీ లేదు. ఎంత పాలిచ్చే బర్రె అయినా మేత వేయకపోతే తంతుంది.

పరుపు సంగతి రాయాలి. ప్రతి కోతకు ప్రతి మనిషికి ఒక వరస గడ్డి వస్తుంది. దాన్ని పాతదాని మీదే పరుచుకుంటాం, పాతది తీయం. అందుకే పసివాళ్ళు నేల మీద, నాలాంటివాళ్ళు మోకాలెత్తున, ముసలివాళ్ళు నడుమెత్తున పడుకుంటారు. సంబంధం చూడటానికి వెళ్ళినా ముందు పరుపు ఎత్తే చూస్తారు. నడుమెత్తు మనిషి అంటే మాట మీద నిలబడేవాడు. చెప్పెత్తు పరుపోడు అంటే ఇక్కడ తిట్టు. ఇంత పరువున్న గడ్డిని మన్నులో వేద్దామని రేపు పంచాయితీలో చెప్పబోతున్నాను. తిట్లు తినడానికి ఇప్పట్నుంచే కడుపు ఖాళీ పెట్టుకున్నాను.

నమోదు 2

అనుకున్నట్టే తిట్టారు. అనుకున్నదానికన్నా ఎక్కువే తిట్టారు.

"ఏందక్కా గిది? మా పడకలు గుంజుకపోయి మన్నుల కలుపుతవా?" అన్నాడు ఓదెలు. వయసులో నాకన్నా చిన్నవాడు, సర్దారు అయ్యాక గొంతు మాత్రం పెద్దదైంది.

"కలుపకుంటె వచ్చే పంటకు పడకలుంటయ్ గని పడుకునేటోళ్ళు ఉండరు. ఆకలికి నిద్ర పడ్తదా? నువ్వే చెప్పు."

అప్పుడు సారక్క లేచింది. నిండు చూలాలు, గోడ పట్టుకుని లేచింది. "ముందుగాల నా పరుపు తీస్కపోండ్రి. నా కడుపుల ఉన్నది రేపు తినాలె గద" అంది. ఇక మగవాళ్ళకు సిగ్గేసింది. ఒక్కొక్కరే తలూపారు.

ఒక్క లస్మయ్య తాత మాత్రం ఊపలేదు. బాయిలో అందరికన్నా పెద్ద, అందరికన్నా ఎత్తు పరుపు ఆయనది. నా నడుం కన్నా పైకి వస్తుంది, ఎక్కడానికి స్టూలు వేసుకుంటాడు. "నా పరుపు మీద చెయ్యేసినోని చెయ్యి ఇరుగ్గొడ్త" అని కర్ర ఊపాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పోనీలే అని వదిలేశాం. పోయేకాలంలో ముసలాయనతో కుస్తీ ఏమిటి?

నమోదు 3

పచ్చిగా తీసుకెళ్ళి మన్నులో పూడిస్తే కుదరదు. మా అమ్మ ఒకసారి ఆ పని చేసింది. పైరంతా పసుపు పచ్చబడి కూర్చుంది. గడ్డిని అరిగించుకోవడానికి మన్ను తన దగ్గరున్న సత్తువంతా ముందు తానే తినేస్తుంది, పైరుకు మిగలదు. అందుకే ఈసారి గడ్డిని ముందు మేమే సగం అరిగించి ఇస్తున్నాం. కత్తిరించి, డ్రమ్ముల్లో కరెంటు కడ్డీలతో ఆవిరి పట్టి, మెత్తబడ్డాక బూజు నీళ్ళు చల్లి, ఆపైన అందరి ఉచ్చ పోసి కప్పెట్టాలి.

ఉచ్చ అనగానే మూతులు ముడిచారు. డ్రమ్ము తెచ్చి స్నానాల గది ముందు పెట్టాను. "మడికి పోసేదే మర్యాద, పక్కకు పోసేటోడు దొంగ" అని బొగ్గు పెళ్ళతో గోడ మీద రాశాను. రెండో షిఫ్టు దిగేసరికి డ్రమ్ము నిండింది. రాత బాగా పని చేసిందని నేను మురిసిపోతుంటే, ఓదెలు కాపలా పెట్టాడని సారక్క చెప్పింది.

వాసన గురించి రాయను. మగ్గిన గడ్డి నల్లబడి, చేత్తో పిండితే తేనెరంగు నీళ్ళు కారింది. తూర్పు మడులన్నిట్లో జానెడు లోతున కలిపి విత్తనం వేశాం. పడమర మడులను ఈసారికి అలాగే ఉంచాం. అన్ని గుడ్లూ ఒకే గంపలో పెట్టొద్దని నా భయం.

నమోదు 4

మొలక చూసి నవ్వాగలేదు! ముదురాకుపచ్చ. నా జన్మలో ఇలాంటి రంగు చూడలేదు. పడమర మడి ఇంకా సూదులంత ఉంటే తూర్పు మడి నా పిక్కలను తాకుతోంది. తిట్టినవాళ్ళే వచ్చి గట్టు మీద కూర్చుని చూసి వెళ్తున్నారు.

అంతకన్నా పెద్ద సంగతి, సారక్కకు ఆడపిల్ల పుట్టింది. ముక్కు మా అమ్మది. ఏడుపు మాత్రం ఎవరిదో తెలియదు, సైరన్‌లా ఉంది. పేరు ఇంకా పెట్టలేదు. అల్లుడు పంపుల ఇంటివాడు, షిఫ్టు అయ్యేదాకా వదలరు. వచ్చి బిడ్డను చూసి తలుపు దగ్గరే నిలబడిపోయాడు, చేతులకు గ్రీజు ఉందని.

ఒక్క చిరాకు ఏమిటంటే బాయిలో అందరూ ఆవులిస్తున్నారు. లేవగానే తలనొప్పి అంటున్నారు. పరుపులు లేక నేల మీద పడుకోవడం వల్లే అని నా మొహం మీదే అంటున్నారు. నిజమే అయ్యుంటుంది. నాకూ తల దిమ్ముగానే ఉంది. ఇంత బతుకూ గడ్డి మీద పడుకున్న నడుం, రాతి మీద పడుకోమంటే ఊరుకుంటుందా? కొన్నాళ్ళు ఓర్చుకుంటే కొత్త గడ్డి వస్తుందని సర్ది చెబుతున్నాను.

నమోదు 5

పసిదానికి ఎగపోతగా ఉంది.

నిద్రలో డొక్కలు ఎగరేస్తోంది. పాలు రెండు గుక్కలు తాగి వదిలేసి ఊపిరి కోసం నోరు తెరుస్తోంది. మంత్రసాని చూసి, నేల చలువ పట్టిందనీ కింద గడ్డి వేయమనీ చెప్పింది. గడ్డి ఎక్కడుంది? అంతా నేనే మన్నులో కలిపాను. సారక్క నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

సిగ్గు చంపుకుని లస్మయ్య తాత దగ్గరికి వెళ్ళాను. బాయంతా తల పట్టుకుని తిరుగుతుంటే ఆయన మాత్రం పరుపెక్కి కూర్చుని తాతల నాటి ఖాళీ తాంబూలం డబ్బా సర్దుకుంటున్నాడు. ఆ హుషారు చూస్తే ఒళ్ళు మండింది.

"తాతా, పసిదానికి ఒక్క మోపు గడ్డి ఇయ్యి."

"నా పరుపు ఇయ్యనన్న గద. పొల్లనే ఈడ పండవెట్టు. గింత పొల్ల నాకు జాగ తక్కువ చేస్తదా?"

సారక్క తెచ్చి ఆయన పక్కన పడుకోబెట్టింది. మేం ఇద్దరం అక్కడే నిలబడి చూస్తున్నాం. కాసేపటికి ఆ డొక్కలు నెమ్మదించాయి. పెదాలకు రంగు వచ్చింది. హమ్మయ్య అనుకుని, పాలు ఇవ్వడానికి సారక్క నేల మీద కూర్చుని ఒళ్ళో వేసుకుంది. మళ్ళీ ఎగపోత మొదలైంది. పైకి ఎత్తితే తగ్గింది. దించితే వచ్చింది. ఇందులో చలువ ఎక్కడుంది? తల్లి ఒడి చలువా?

లస్మయ్య తాత మొహంలో నవ్వు పోయింది. "బిడ్డా, మా తాత ఒక మాట చెప్తుండె. బాయిల బరువు గాలని ఒకటుంటదట. నీళ్ళ లెక్క నేలకు పండుకుంటదట. అప్పటోళ్ళు దీపం ముట్టిచ్చి కిందికి దించుతుండ్రట, ఆరిపోతె ఎల్లిపోతుండ్రట" అన్నాడు.

ఆయన పరుపు ఇవ్వకపోవడం పిసినారితనమే, అందులో అనుమానం లేదు. కానీ ఆయనకు తల నొప్పి రాకపోవడానికి కారణం ఇప్పుడు అర్థమైంది. మనిషి లోకువైపోయాడని మేం నవ్వుకున్నాం గానీ, బాయి మొత్తంలో మంచి గాలి పీలుస్తున్నది ఆయన ఒక్కడే.

నమోదు 6

బాయిలో నిప్పు వెలిగించకూడదు, గాలి అంటుకుని పేలుతుందని తాతల మాట. ఆ మాట పలికినా ఉమ్మేసి నోరు కడుక్కుంటారు. మా తరంలో మంటను చూసినవాళ్ళే లేరు. ఆఫీసు గదిలో మంట చుట్టూ ఇనుప జాలి ఉన్న పాతకాలం జాలి దీపం ఒకటి అద్దాల బీరువాలో ఉంది, దాన్ని దేవుడి పక్కన పెట్టి దండం పెట్టడమే తప్ప వెలిగించింది లేదు. గాలి కొలిచే మిషన్ ఒకటి ఉండేదట, అది పాడై చాలా ఏళ్ళయింది. అది చూసి చెప్పాల్సిన ఇల్లు ఏనాడో అంతరించింది. మరొకరి పని మనం చేయం కదా, అలాగే వదిలేశారు.

ఓదెలును ఒప్పించడానికి నా గొంతు పోయింది. చివరికి దీపాల ఇంటివాళ్ళు తీగతో నిప్పురవ్వ పుట్టించి వత్తి అంటించారు. అందరూ గోడలకు అతుక్కుపోయారు. అంత చిన్న మంట! నా చిటికెన వేలి గోరంత. దాని కోసం ఇన్నాళ్ళు అంత భయమా అనిపించింది.

పిల్లలు పడుకునే గదిలో దించాం. తల దగ్గర నిటారుగా నిలబడింది. నడుం దగ్గర కుంచించుకుపోయింది. మోకాలి దగ్గర ఆరిపోయింది. ఎవరో ఆడమనిషి కెవ్వున అరిచి నేల మీదున్న బిడ్డను భుజాన వేసుకుంది. క్షణంలో గదిలోని పిల్లలందరూ భుజాల మీదికి ఎక్కారు.

తూర్పు మడిలోకి తీసుకెళ్ళాం. గట్టు దిగీ దిగకముందే, నా రొమ్ము ఎత్తులోనే ఆరిపోయింది.

ఓదెలు నన్ను చూశాడు. నేను మన్నును చూశాను. మనం అన్నం తిని ఊపిరి పీల్చినట్టే, ఆ మన్ను కూడా గడ్డిని తింటూ ఊపిరి పీలుస్తోంది. మంచి గాలి తాగి, బరువు గాలి వదులుతోంది. మూత పెట్టిన కుండలాంటి బాయిలో అది ఎటు పోతుంది? పల్లానికి జారి మా పడక గదుల్లో నిండింది. సరిగ్గా అప్పుడే పరుపులన్నీ ఊడబెరికి అందరినీ నేలకు దించింది నేను. ఇక ఆ గోధుమ అంత పచ్చగా ఎందుకుందో కూడా తెలిసింది. మనుషులు చచ్చే గాలి గోధుమకు పాయసం.

నాకు భయమేసింది. అంత పచ్చదనాన్ని చూసి మొదటిసారి భయమేసింది.

నమోదు 7

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

మడి తవ్వి గడ్డంతా తీసేద్దామంటే పైరు చస్తుంది. గాదెలో ఉన్నది ఈ కోత దాకానే, పడమర మడిని నమ్ముకుంటే సగం మందికి కూడా రాదు. అలాగే ఉంచుదామంటే ముందు పిల్లలు పోతారు. గడ్డిని తీసుకెళ్ళి పైన పారేద్దామన్నాడు ఒకడు. పైకి దారెక్కడుంది నాయనా, కాంక్రీటులోంచి దూరతావా?

చివరికి తేలింది ఒక్కటే. తూర్పు గ్యాలరీకి అడ్డంగా గోడ కట్టడం. పచ్చని పైరు పెరిగే కొద్దీ బరువు గాలిని తానే తాగేస్తుంది. కానీ చిన్న పైరు తాగేదానికన్నా మన్ను వదిలేది ఎక్కువ. పైరు ఏపుగా ఎదిగేదాకా ఆ గాలి ఇటు రాకుండా ఆపితే చాలు. మనిషి వచ్చిపోయే తలుపు పెడితే తెరిచినప్పుడల్లా గాలి ఇటు పారుతుంది, అందుకే లోపల ఒక మనిషి ఉండిపోవాలి. నీళ్ళు పెట్టాలి, పైరుకు వెలుగిచ్చే దీపాల ట్రాలీని పట్టాల మీద నెట్టాలి. అది ఆగితే పైరు ఆగుతుంది.

"మడి మీ ఇంటిది అక్కా" అన్నాడు ఓదెలు నేల చూస్తూ. "నువ్వన్న ఉండాలె, లేకుంటె సారక్కన్న ఉండాలె. నా చేతుల ఏం లేదు."

సారక్క పసిదాన్ని ఎత్తుకుని అక్కడే నిలబడి ఉంది. నేను ఆలోచించలేదు. ఆలోచించడానికి ఏముంది? "నేనే" అన్నాను. ఆ మాట వినగానే సారక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ఏడవలేదు, గోడ కట్టేవాళ్ళు తెచ్చిన ఇటుకలు లెక్కపెడుతూ నిలబడ్డాను.

నమోదు 8

గోడ లోపల నుంచి రాస్తున్నాను.

ఇటుక పేర్చి సిమెంటు పూశారు. నడుం కింద రెండు తలుపుల గూడు ఉంది, ఒకటి మూశాకే రెండోది తెరుచుకుంటుంది. తిండి అందులోంచి వస్తుంది. దాని పైన పలకంత అద్దం. పక్కన పాత బాయి ఫోను, హ్యాండిల్ తిప్పితే అటు మోగుతుంది.

చివరి ఇటుక పెట్టాక చప్పుళ్ళన్నీ పోయాయి. నేను పుట్టిన దగ్గర్నుంచి మనుషుల దగ్గు వినకుండా ఒక్క పూట లేను. ఇప్పుడు నీటి చుక్కల చప్పుడు, ట్రాలీ చక్రాల కీచు, నా ఆయాసం, అంతే. నేను పుట్టిన బాయిలో మళ్ళీ ఒక బాయి. ఊరికే వెళ్ళి గోడను తడిమి వస్తున్నాను, అందులో తలుపు మొలుస్తుందేమో అన్నట్టు.

బరువు గాలి నా రొమ్ము ఎత్తున ఉంది కాబట్టి వంగి పని చేయకూడదు. కలుపు తీయాలంటే ఊపిరి బిగబట్టి వంగి, ఒక గుప్పెడు పీకి లేచి నిలబడాలి. ఒకసారి మరిచిపోయి కూర్చున్నాను. కళ్ళు బైర్లు కమ్మి, గట్టు పట్టుకుని ఎలా లేచానో తెలియదు. పడక ట్రాలీ పైన, దీపాల పక్కన. ఉక్కపోతకు ఒళ్ళంతా పేలింది.

జాలి దీపం నా దగ్గరే ఉంది. రోజూ వెలిగించి ఎంత దాకా బతికితే అంత ఫోనులో చెప్పాలి. అది నేల మీద నిలబడిన రోజున గోడకు తలుపు పెడతామని ఓదెలు మాట ఇచ్చాడు. ఆ రోజు కోసం నాకు ఎంత ఆత్రంగా ఉందో రాస్తే పిచ్చిదాన్ని అనుకుంటారు.

నమోదు 9

దీపం నడుం దాకా దిగింది! పైరు మోకాలు దాటింది. గోధుమ తాగుతోంది, మన్ను ఆకలి కూడా కొంచెం తగ్గినట్టుంది.

సారక్క పసిదాన్ని తెచ్చి అద్దం దగ్గర చూపించింది. ఒళ్ళు చేసింది, ఇప్పుడు లస్మయ్య తాత పరుపు మీదే పడుకుంటోందట. ముసలాయన దాన్ని నిద్రపుచ్చుతూ తానే ముందు గురక పెడుతున్నాడట. నేను నవ్వబోతే దగ్గు వచ్చింది. ఈ దగ్గు ఈమధ్యే మొదలైంది. ట్రాలీ నెట్టాక అయితే గట్టు మీద కూర్చుండిపోవాలనిపిస్తుంది.

"అవ్వా, గట్ల దగ్గుతున్నవేంది?" అంది నా బిడ్డ ఫోనులో.

"గోధుమ నూగు బిడ్డా. ముక్కుల పడ్తది."

నమోదు 10

దీపం పిక్కల దాకా వచ్చింది. ఇవాళ ఓదెలే ఫోను చేశాడు. గొంతులో ఎప్పుడూ లేని సంబరం.

"అక్కా, పైరు అద్దంల నుంచి చూసిన. పడమర మడి దాని కాలిగోటికి చాలది. పంచాయితీల అందరం అనుకున్నం. ఇగ ప్రతి పంటకు గడ్డి మన్నుకే. నువ్వు చెప్పిందే నిజం."

మనసు నిండింది. అబద్ధమెందుకు, గర్వంగా కూడా అనిపించింది. "మరి గోడ ఎప్పుడు తీస్తరు?" అన్నాను.

"దీపం నేలకు ఆనంగనే తలుపు వెడ్తం. నువ్వు బయటకు రా. నీ దగ్గు సంగతి మంత్రసానికి చెప్పినం, అన్‌ఫిట్ రాస్తనన్నది. నీ కష్టం తీరిపోయింది అక్కా. కోతలు సారక్క చూసుకుంటది. కోసినంక కొత్త గడ్డి ఏసి మల్ల గోడ మూస్తం."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"దానికి పసిపిల్ల ఉన్నదిరా."

"రూలు మీ ఇంటికి ఒక్కదానికి మారిస్తె రేపు పంపులోళ్ళు అడుగుతరు. మొన్న అల్లుడు అడిగిండు, నేను పోత అని. పంపులు ఎవరు చూస్తరు? నువ్వు దిగినప్పుడు రూలు మార్చిన్నా అక్కా? రూలు రూలే."

ఇంతకన్నా ముందు నుయ్యి వెనక గొయ్యి ఎక్కడైనా ఉంటుందా? పంట ఓడిపోయి ఉంటే ఈ గోడ ఒక్కసారికే పోయేది. గెలిచింది కాబట్టి ఇక ఎప్పటికీ ఉంటుంది. దానికి ప్రతిసారీ లోపల ఒక మనిషి కావాలి, ఆ మనిషి మా ఇంటి మనిషే కావాలి.

నమోదు 11

సారక్కతో మాట్లాడాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అది నా బిడ్డ, మొండిది.

"నీకు దగ్గు పెరిగింది అవ్వా. నువ్వు బయటకు రావాలె. నేను దిగుత."

"పసిదాన్ని ఎవరి చేతుల పెడ్తవే?"

"ఎవల చేతుల పెట్టుడేంది? నా పాలు లేకుంటె అది ఎట్ల బతుకుతది? చంకనేసుకొని దిగుత. ట్రాలీ మీద పండవెడ్త."

"కొత్త గడ్డి ఏస్తే గాలి మళ్ళ రొమ్ముల దాక లేస్తది. ట్రాలీ నెట్టుకుంట చంకల పిల్లను ఎంతసేపు ఎత్తుకుంటవు? ఒక్కపారి కాలు జారితే?"

"జారనియ్య" అంది. అంతే. దానికి అంత సులువు.

ఫోను పెట్టేశాక ట్రాలీ మీద కూర్చుని ఆ దృశ్యం చూడకుండా ఉండడానికి కళ్ళు మూసుకున్నాను. మూసుకున్నా కనిపించింది. గట్టు మీద జారిన తల్లి, పైరు మధ్యలో పడిన పసిది, దాని మీద పచ్చగా ఊగుతున్న గోధుమ. ఆ పచ్చదనాన్ని తెచ్చింది నేనే.

బయటికి వెళ్ళాలని నాకు లేదా? ఉంది. పసిదాన్ని ఒక్కసారి ఒళ్ళో వేసుకోవాలని చేతులు గుంజుతున్నాయి. ఇంకో మనిషి పక్కన కూర్చుని గటక తాగాలని ఉంది. నా దగ్గు విని ఎవరైనా విసుక్కుంటే చాలనిపిస్తోంది.

నమోదు 12

పాలు పోసుకుంటున్న వెన్నులు బరువుగా వంగుతున్నాయి. మొదటి షిఫ్టు మొదలయ్యే ముందు దీపం వెలిగించి మెల్లగా దించాను. నడుం దాటింది, మోకాలు దాటింది, పిక్కలు దాటింది. నేల మీద పెట్టి చెయ్యి తీశాను. మంట నిటారుగా నిలబడింది, కాస్తయినా వణకలేదు.

గాలి ఎంత తేలిగ్గా ఉందంటే, ఇన్నాళ్ళూ ఊపిరి అనుకుని నేను పీల్చింది ఏమిటా అనిపించింది.

ఫోను మోగింది. అద్దంలో సారక్క, చంకలో పసిది. వెనకాల ఇద్దరు మనుషులు సమ్మెటలు పట్టుకుని నిలబడ్డారు, తలుపు కొట్టడానికి.

"దీపం ఏడ నిలవడ్తుంది అవ్వా?"

"చూపిస్త, చూడు" అన్నాను.

దీపం తీసి అద్దం ఎదురుగా పట్టుకున్నాను. దాని అడుగున వత్తిని తిప్పే చిన్న బిళ్ళ ఉంటుంది. కొంగు చివరను దీపం అడుగున పట్టి, దాని చాటున వేలును బిళ్ళ మీద పెట్టాను. దించుతూ తిప్పాను. నడుం దగ్గర మంట కుంచించుకుపోయింది. సారక్క మొహం కూడా అలాగే అయిపోయింది. నా మోకాలి దగ్గరికి వచ్చేసరికి వత్తి పూర్తిగా లోపలికి పోయి మంట ఆరిపోయింది.

"నిన్న పిక్కల దాక వచ్చింది గద!" అంది.

"వెన్నులు ముదురుతున్నయ్ బిడ్డా. పైరు తాగుడు తగ్గింది. ఇంకింత బరువైతదే గని తగ్గది. కోత నేనే కోసి గూట్లకెళ్ళి పంపుత. కొత్త గడ్డి కూడ గూట్లనే వెట్టుండ్రి, నేనే కలుపుత. తలుపు వద్దని ఓదెలుకు చెప్పు."

సమ్మెటల వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు. సారక్క వెళ్ళలేదు. అద్దానికి చెయ్యి ఆనించింది.

"ఎన్నాళ్ళు అవ్వా?"

పసిది పాలు మరిచి, నడక నేర్చి, తన కాళ్ళ మీద పరుగెత్తేదాకా అని చెప్పలేను కదా. "దీపం చెప్పినప్పుడు" అన్నాను. పసిదానికి పేరు పెట్టమని, పెట్టాక నాకు ఫోనులో వినిపించమని చెప్పాను. ఈ పుస్తకం మాత్రం ఇక గూట్లో పెట్టను.

వాళ్ళు వెళ్ళాక అద్దానికి కనిపించని మూలకు వెళ్ళి, పైరు మొదళ్ళ మధ్య నేల మీద వెల్లకిలా పడుకున్నాను. దగ్గు కూడా రాలేదు. గుండె నిండా ఆ మంచి గాలి పీలుస్తూ, వదులుతూ, అలసిపోయేదాకా ఏడ్చాను.